తల ఊపినంత మాత్రాన

మధుమేహం ఉన్నదని కొత్తగా తెలిసిన ఒక వృద్ధుడు పోషకాహార నిపుణురాలి ఎదుట కూర్చున్నాడు. నిన్న ఉదయం నుంచి ఏమేమి తిన్నారని ఆమె అడిగింది. "పొద్దున్న మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, సాయంత్రం రెండు జిలేబీలు..." అనేసరికి ఆమె కనుబొమలు పైకి లేచాయి. కలం ఆ జిలేబీల కింద రెండు గీతలు గీసింది. ఆమె పల్లెత్తు మాట అనలేదు. కాని వృద్ధునికి అర్థమైంది. "రాత్రి రెండు చపాతీలేనమ్మా" అని ముగించాడు. పెరుగన్నం, అరటిపండు ఆయన మనస్సులోనే ఉండిపోయాయి.

ఆ తరువాత ఆమె ఇచ్చిన సలహా అంతా ఆ అసంపూర్ణమైన పట్టికపై ఆధారపడినదే. మూడు నెలలకు చక్కెర తగ్గకపోతే మందు మోతాదు పెరగవచ్చు. నిజానికి మారవలసినది రాత్రి భోజనం! గడచిన 24 గంటల ఆహారాన్ని చెప్పించి రాసుకొనే ఈ పద్ధతికి రోగి జ్ఞాపకశక్తి ఎంత అవసరమో, నిర్భయత్వం కూడా అంతే అవసరం.

భావ వ్యక్తీకరణలో మాటల పాలు 7 శాతమేనన్న లెక్క తరచు వినిపిస్తుంది. అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రకటించిన ప్రయోగాల నుంచి పుట్టిన లెక్క ఇది. ఆయన పరీక్షించినది ఇష్టాయిష్టాలను తెలిపే సందర్భాలను మాత్రమే. ఆహార నియమాలు వివరించడానికి మాటలు కావలసినదే. అయితే మాట ఒకటి, ముఖం మరొకటి చెప్పినప్పుడు ఎదుటివారు ముఖాన్నే నమ్ముతారన్న సంగతి మరువరానిది.

రోగి సంజ్ఞలను చదవడం మరొక విద్య. మన దేశంలో తల ఊపడానికి అర్థాలు అనేకం. "సరే" అని కావచ్చు, "వింటున్నాను" అని కావచ్చు, "చదువుకున్నవారు, మిమ్మల్ని కాదనలేను" అనీ కావచ్చు. అందుచేత అనుభవజ్ఞులు "అర్థమైందా?" అని అడిగి ఊరుకోరు. "రేపు ఉదయం ఏమి తింటారో చెప్పండి" అంటారు.

మాటకు అందనిది చేతికి అందుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో ఏర్పడిన జాతీయ పోషణ పర్యవేక్షణ విభాగం తన సర్వేలలో కొలత గిన్నెలను వాడింది. కూర ఎంత అంటే "కొంచెం" అనే గృహిణి, గిన్నెలు ఎదుట పెడితే ఇంత అని వేలితో చూపగలదు.

వృద్ధుని వెనుక గోడవారగా ఆయన కోడలు నిలబడి ఉన్నది. "మీకు వేరుగా వండించుకోండి" అని నిపుణురాలు అన్నప్పుడు ఆయన తల ఊపాడు. కోడలు తల దించుకున్నది. ఆ ఇంట వండేది ఆమె. పిల్లలకొక వంట, మామగారికొక వంట ఆమెకు సాధ్యమా, కాదా అన్నది ఎవరూ అడగలేదు. నిపుణురాలు అప్పుడు కలం పక్కన పెట్టి, మరొక కుర్చీ దగ్గరకు జరిపి, "కూర్చోండమ్మా, మీ ఇంట్లో వంట ఎలా సాగుతుందో చెప్పండి" అని ఉంటే, అసలు సంప్రదింపు అక్కడ మొదలై ఉండేది.