గిటారు లేని రాకు, మాటల్లేని రాజా

దసరాకి ప్రొద్దుటూరు పోయినప్పుడు నేనో తప్పు చేశాను. దాని గురించి ఆలోచిస్తా ఆలోచిస్తా ఈ టపా దాకా వచ్చాను. సోది కాస్త ఎక్కువే ఉంటుంది, ముందే చెప్తున్నా :-)

మా ఊరి దసరా తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మైసూరు తర్వాత మాదే అంటాం మేము. అమ్మవారిశాల దగ్గర జనం, లైట్లు, ఇంటి నిండా చుట్టాలు. పులివెందుల నుంచి మా చిన్నాయన కొడుకు కూడా వచ్చాడు. వాడు డిగ్రీ చదువుతూ పెళ్లిళ్లకీ, వినాయకచవితి పందిళ్లకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తుంటాడు. రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద కూర్చుని ఏదో మొదలుపెట్టాడు. ఒకే కార్డ్‌ని ఆపకుండా దడదడా కొడుతున్నాడు, కాసేపటికి ఇంకోటి, మళ్లీ అదే వరస.

"ఏందిరా ఇది?"

"కీన్ అన్నా. సమ్‌వేర్ ఓన్లీ వుయ్ నో."

"రాక్ బ్యాండా?"

"పియానో రాకన్నా. గిటారు ఉండదు."

"గిటారు లేకుండా రాకేందిరా? ఉప్పు లేని పప్పు మాదిరి! నాలుగు కార్డులు టకటకా కొడితే పాటయిపోతాదా?"

చుట్టూ ఉన్న పిల్లోళ్లు నవ్వారు. వాడు కూడా నవ్వాడు. కానీ కీబోర్డు తీసి సంచిలో పెట్టేశాడు. ఆ తర్వాత ఉన్న మూడు రోజులూ మళ్లీ బయటికి తియ్యలేదు. అది నేను బెంగళూరు బస్సెక్కాకగానీ గమనించలేదు.

వారం తర్వాత ఆఫీసులో ఏదో బిల్డు నడుస్తుంటే, ఊరికే ఉండలేక ఆ ఆల్బమ్ పెట్టుకున్నాను. పేరు హోప్స్ అండ్ ఫియర్స్. 2004 మే నెలలో వచ్చింది. ఇంగ్లండులో బ్యాటిల్ అనే చిన్న ఊరి కుర్రాళ్లు ముగ్గురు: పాడేది టామ్ చాప్లిన్, డ్రమ్స్ రిచర్డ్ హ్యూస్, పియానో టిమ్ రైస్-ఆక్స్‌లీ. మొదట్లో వీళ్లకీ ఒక గిటారిస్టు ఉండేవాడు. 2001లో వెళ్లిపోయాడు. మామూలుగా అయితే ఇంకొకణ్ణి వెతుక్కోవాలి. వీళ్లు వెతుక్కోలేదు. గిటారు చెయ్యాల్సిన పనంతా పియానోకే అప్పజెప్పారు.

మన భాషలో చెప్పాలంటే, టీములో ఒకడు మానేస్తే కొత్తవాణ్ణి తీసుకోకుండా డిజైనే మార్చేశారన్నమాట. టిమ్ వాడేది యమహా సీపీ70 అనే ఎలక్ట్రిక్ గ్రాండ్ పియానో. దాన్ని గిటారు వాళ్లు వాడే ఎఫెక్టుల గుండా పంపించి, శబ్దాన్ని బరకగా చేస్తాడు. తొలిరోజుల్లో కచేరీల్లో బేస్ భాగం లాప్‌టాప్ నుంచి వచ్చేదట. నేను 'నాలుగు కార్డులు టకటకా' అని వెక్కిరించానే, అసలు పనంతా అక్కడే ఉంది. రాక్ పాటలో గిటారు ఆగకుండా చప్పుడు చేస్తూ పాటని పట్టుకుని ఉంటుంది. పియానోలో నొక్కిన స్వరం కాసేపటికే సన్నగిల్లిపోతుంది. అది ఆరిపోకుండా ఉండాలంటే మళ్లీ మళ్లీ కొడుతూనే ఉండాలి. మా వాడు మిద్దె మీద చేస్తున్నది అదే. నాకు చేతకానితనంలా కనిపించింది నిజానికి ఆ పాటకి వెన్నెముక.

అసలు సిగ్గు పడాల్సిన సంగతి ఇంకోటుంది. సరిగ్గా ఇలాంటి వెక్కిరింతని నేను పదేళ్లుగా పడుతున్నాను.

నాకు ప్రాణమైన ఆల్బమ్ ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్'. 1986లో వచ్చింది. సినిమా లేదు, హీరో లేడు, పాడేవాళ్లు లేరు, ఒక్క మాట లేదు. త్యాగరాజుకీ, బాఖ్‌కీ అంకితమిచ్చాడు. వయొలిన్ వి.ఎస్. నరసింహన్. నేను దీన్ని పెట్టినప్పుడల్లా మా రూములో వాళ్లు అడిగేది ఒకటే: "పాట ఎప్పుడు మొదలవుతుంది?"

ఈ పిచ్చి నాకు జమ్మలమడుగులో మా మామ అంటించాడు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు ప్రొద్దుటూరు వచ్చి, క్యాసెట్లు నింపించే షాపులో దీన్ని ఎక్కించుకున్నాడు. లేబుల్ మీద ఏం రాయాలో షాపాయనకి తోచలేదు. పల్లవులు రాయడానికి లేవు కదా మరి! చివరికి 'ఇళయరాజా - మాటల్లేవు' అని రాసిచ్చాడు. ఆల్బమ్ పేరే 'దీన్నేమని పిలవాలి' అనే ప్రశ్న. ఆ షాపాయన తెలియకుండానే జవాబు రాశాడని మామ ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

తెలుగులో మనకి ఆల్బమ్ అంటే సినిమా పాటలే. ఒక పాటని మనం పాటగా మాత్రమే వినం. హీరో, సందర్భం, రాసినవాడు, పాడినవాడు, చిన్నప్పుడు ఏ థియేటర్లో చూశాం, అన్నీ కలిపి వింటాం. అదే 1986లో రాజా సంగీతంతో స్వాతిముత్యం వచ్చింది. ఆ పాటలు ఇంటింటికీ చేరాయి. 'హౌ టు నేమ్ ఇట్' మాత్రం, పాట మధ్యలో వచ్చే వాయిద్యాల ముక్కలకి చెవి ఒగ్గే అలవాటున్న వాళ్ల దగ్గరికే చేరింది. రాజా భక్తుల్ని గమనించండి. పల్లవికంటే ముందు వాళ్లు కూనిరాగం తీసేది చరణానికీ పల్లవికీ మధ్య వచ్చే ఆ వయొలిన్లనే. అలాంటివాళ్లకి ఈ ఆల్బమ్ మొత్తం ఆ మధ్య ముక్కలతోనే చేసిన విందు.

అందులో 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్' అని ఒకటుంది. బాఖ్ వయొలిన్ కోసం రాసిన మూడో పార్తీతా మొదటి భాగాన్ని కింద నడిపిస్తూ, దాని మీద మన గమకాలతో ఇంకో వయొలిన్ ని వదిలాడు. బాఖ్ 1750లో పోయాడు. త్యాగరాజు 1767లో పుట్టాడు. పదిహేడేళ్ల తేడాతో ఒకరికొకరు తప్పిపోయిన ఇద్దర్ని ఒక గదిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. దాని తర్వాతి ముక్క పేరు 'అండ్ వుయ్ హ్యాడ్ ఎ టాక్'. ఇంట్లో కలిశాడు, మాట్లాడుకున్నాం. అంతే! అదీ మాటల్లేకుండా. 1988లో బాలు మహేంద్ర తీసిన 'వీడు' సినిమాలో ఈ ఆల్బమ్ ముక్కల్నే నేపథ్య సంగీతంగా వాడాడు. సినిమా నుంచి పాట రావడమే గానీ, పాటలోంచి సినిమాకి వెళ్లడం మన దగ్గర చాలా అరుదు.

ఇప్పుడు నా అభిప్రాయానికొస్తాను. ఒక ఆల్బమ్‌కి శ్రోతలు దొరకడం వేరు, భక్తులు దొరకడం వేరు. అందరూ ఉంటుందనుకునేదాన్ని తీసేసిన ఆల్బమ్‌కే గట్టి భక్తులు దొరుకుతారని నాకనిపిస్తోంది. మాట ఉంటే మాట చెప్పిన భావమే మనం పట్టుకుంటాం. మాట తీసేస్తే ఆ ఖాళీలో వినేవాడు తన సొంత సరుకు పెట్టుకుంటాడు. ఒకసారి పెట్టుకున్నాక ఇక అది వాడి ఇల్లే. అందులోంచి ఖాళీ చేయించడం ఎవరి తరమూ కాదు.

"అట్లయితే మాటల్లేని ప్రతి సంగీతానికీ భక్తులుండాలి కదా, లిఫ్టులో వచ్చేదానికి ఎందుకు లేరు?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. తీసెయ్యడం ఒక్కటే చాలదు. తీసేసిన దాని పనిని మిగిలినదాని చేత చేయించాలి. కీన్ పియానో గిటారు పని చేస్తుంది. రాజా వయొలిన్ గొంతు పని చేస్తుంది. ఆ బరువు మోస్తున్నప్పుడు వాయిద్యం పడే కష్టం వినిపిస్తుంది చూడండి, మనం ప్రేమించేది దాన్ని. లిఫ్టు సంగీతం దేని బరువూ మొయ్యదు.

మా ప్రొద్దుటూరులోనే దీనికో రుజువుంది. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు 'శివతాండవం' రాసింది మా ఊళ్లో. అది కంఠతా వచ్చిన పెద్దవాళ్లని చిన్నప్పుడు చూశాను. అన్ని పదాలకీ అర్థం చెప్పమంటే చెప్పలేని వాళ్లు కూడా దాన్ని చదువుతుంటే ఊగిపోయేవాళ్లు. ముందు లయ లోపలికి పోతుంది. అర్థం వీలు చూసుకుని తర్వాతొస్తుంది, రాకపోయినా ఫర్లేదు.

ఇంకో మాట. కీన్ మనవాళ్లకి తెలియకపోవచ్చు గానీ అక్కడ చిన్న బ్యాండేం కాదు. ఆ ఆల్బమ్ బ్రిటన్ లో మొదటి స్థానానికి చేరింది, 2005లో ఉత్తమ బ్రిటిష్ ఆల్బమ్‌గా బ్రిట్ అవార్డు తీసుకుంది. 2013లో లిలీ అలెన్ ఆ పాటని ఒక క్రిస్మస్ ప్రకటన కోసం మళ్లీ పాడితే అదీ మొదటి స్థానానికి చేరింది. ఆ తర్వాత టిక్‌టాక్ లో కొత్త తరం పట్టుకుంది. వినేవాళ్లు కోట్లలో ఉన్నారు. మరి భక్తుడెవరు? మా వాడు చెప్పిన ఒక్క సంగతి చాలు. 'హోప్స్ అండ్ ఫియర్స్' అనే మాటలు ఆ ఆల్బమ్ లోని ఏ పాటలోంచీ తీసుకున్నవి కావు. 'స్నోడ్ అండర్' అని సింగిల్ వెనక వైపు వచ్చిన పాటలోవి. అది ఆల్బమ్ లోనే లేదు! హిట్ పాట విన్నవాడు శ్రోత. వెనక వైపు తిప్పి చూసినవాడు భక్తుడు.

భక్తి దాకా వచ్చాం కాబట్టి దాని జబ్బు గురించి కూడా చెప్పుకోవాలి. హౌ టు నేమ్ ఇట్ లో ఒక ముక్క పేరు 'డోంట్ కంపేర్'. పోల్చొద్దురా బాబూ అని ఆయన పేరు పెట్టి మరీ చెప్పాడు. మేము ముప్పై ఏళ్లుగా పోలుస్తూనే ఉన్నాం. 1992లో రోజా వచ్చిన దగ్గర్నుంచి రాజానా రెహమానా అని కొట్టుకోని హాస్టల్ గది ఉందా? 2025 మార్చి 8న లండన్ లో రాజా సింఫనీ 'వాలియంట్' వాయించినప్పుడు మా స్నేహితుల గ్రూపులో ఒకడు "రెండో భాగం నాకు అంత ఎక్కలేదు" అన్నాడు. అంతే! వాడి చెవుల్ని, చదువుని, వంశాన్ని కడిగి ఆరేశాం. కడిగినవాళ్లలో నేను ముందున్నాను. వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. సంగీతం మీద ప్రేమతో చేశామనే అనుకున్నాం. ఇప్పుడు చూస్తే, దసరా రాత్రి మిద్దె మీద చేసింది కూడా అదే పని. ఖాళీలో మన సరుకు పెట్టుకున్నాక, ఆ ఇంటికి మనమే కాపలాదారులం అనుకుంటాం. ఎవరొచ్చినా గేటు దగ్గరే ఆపుతాం.

ఇక్కడ నాకు గండికోట గుర్తొస్తోంది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. చిన్నప్పుడు మామ స్కూటర్ మీద తీసుకుపోయేవాడు. మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, చివర్న పెన్నా కోసుకుపోయిన ఆ లోయ. మేము పోయినప్పుడు మేకలు కాసుకునేవాళ్లు తప్ప మనిషి కనిపించేవాడు కాదు. తర్వాత ఎవరో ఫోటోలు పెట్టారు, 'ఇండియా గ్రాండ్ కేన్యన్' అన్నారు, ఇప్పుడు శని ఆదివారాల్లో కారు పెట్టడానికి చోటుండదు. ఆ మధ్య పోయినప్పుడు నేను గొణుగుతుంటే మామ అన్నాడు:

"రానీలేబ్బీ. వాళ్లు చూస్తే కోటేమన్నా అరిగిపోతాదా? సీసాలు పారెయ్యకుంటే చాలు."

ఆ మాట అప్పుడు విని ఊరుకున్నాను. ఇప్పుడు పట్టుకున్నాను. పాట అసలే అరగదు. టిక్‌టాక్ లో పదిహేను సెకన్లు విన్నవాడి వల్ల కీన్ కి పోయిందేమీ లేదు. మా వాడు కీబోర్డు మీద వాయించినందువల్ల రాక్ కి పోయిందేమీ లేదు. పోయేది ఒక్కటే: పద్దెనిమిదేళ్లవాడు ఒక పాటని ఇష్టపడి నలుగురి ముందు పెట్టినప్పుడు మనం నవ్వితే, వాడు ఇంకోసారి పెట్టడు. మనకి సీసాలు పారెయ్యడం అంటే అదే.

మొన్న సంక్రాంతికి పులివెందుల పోయాను. ప్రొద్దుటూరు నుంచి ముద్దనూరు మీదుగా బస్సులో పోతూ ఏమని అడగాలో రెండు మూడు రకాలుగా అనుకున్నాను. తీరా పోయాక, "ఆ పాట వాయించురా" అని మాత్రమే వచ్చింది నోట్లోంచి.

"కీబోర్డు ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర ఉండాదిలేన్నా" అన్నాడు. నిజమో కాదో నేను అడగలేదు.

ఫోన్లో 'స్నోడ్ అండర్' పెట్టించుకుని విన్నాను. బాగుంది. తర్వాత నా బాఖ్ ముక్క వాడికి వినిపించాను, చెరొక ఇయర్‌ఫోనూ పెట్టుకుని. మధ్యలో "ఈ వయొలినాయన ఆపేట్లు లేడే" అని నవ్వాడు. నాకు చురుక్కుమన్న మాట నిజమే గానీ ఏమీ అనలేదు. ముక్క అయిపోయాక కాసేపు కూర్చుని, "రెండు వయొలిన్లు కలిసే చోటికి ఒకసారి వెనక్కి పెట్టన్నా" అన్నాడు. పెట్టాను. వేళ్లు మోకాలి మీద ఆడిస్తూ విన్నాడు.

వాడు రాజా భక్తుడేం అయిపోలేదు. కీబోర్డు కూడా ఇంకా నా ముందుకి రాలేదు. ఈసారి దసరాకి తెస్తాడేమో చూడాలి. తెస్తే మటుకు నోరు మూసుకుని చివరిదాకా వింటానని ఇక్కడ రాసిపెడుతున్నాను, సాక్ష్యం మీరే.

మీకూ ఇలా ఎవరికీ అర్థంకాని ఆల్బమ్ ఒకటి ఉండే ఉంటుంది. చెప్పండి, వింటాను. నవ్వనని మాటిస్తున్నా.