పేరొకటైతే మందొకటౌతుందా?



పత్తి, మిరప పండే మా పినపాక ప్రాంతంలో 'నల్లి మందు' అనగానే పసివాడు సైతం పురుగుమందు డబ్బానే చూపిస్తాడు. మొన్న మా వీధిలో ఒక బాలుడు పెంచుకొంటున్న గినీ పిగ్‌కు వీపు మీద వెండ్రుకలు రాలి, పొక్కులు కట్టి, రేయింబవళ్ళు గోక్కోసాగింది. వాడు తోటకు తెచ్చిన మందును నీళ్ళలో కలిపి దాని ఒళ్ళు తుడవబోయాడు. వాళ్ళ నాయనమ్మ కేక విని వెళ్ళి ఆపాను. "నల్లికి నల్లి మందే గద సారూ?" అన్నాడు.

తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక ఆ ప్రశ్నకు జవాబుదారీ నాదే. మన భాష మంచంలోని నల్లికీ, మిరపాకును ముడిచే నల్లికీ ఒకే పేరు పెట్టింది. మొదటిదానికి ఆరు కాళ్ళు, రెండవదానికి ఎనిమిది. జంతువుల చర్మానికి పట్టేది ఈ రెండవదాని చుట్టమే. కాని మందును పురుగును బట్టి మాత్రమే ఎంచరాదు. అది పట్టిన ప్రాణిని బట్టి కూడా ఎంచాలి. ఆకు తన్ను తాను నాక్కోదు, గినీ పిగ్ నాక్కొంటుంది. పైగా మందులో మునిగేవి ఆ పసివాడి చేతులే.

మంచి వెలుతురులో వెండ్రుకలు పాయలు తీసి మెడ, భుజాలు, వీపు, తొడల లోపలి భాగం చూడాలి. చర్మంలో దూరే నల్లి కంటికి కనబడదు. కనబడలేదు గనుక లేదనుకోరాదు. పశువైద్యుడు చర్మాన్ని గీకి సూక్ష్మదర్శినిలో చూస్తాడు. ఉపేక్షిస్తే దురద ముదిరి మూర్ఛలు కూడా రావచ్చు.

దీనికి సాధారణంగా వాడేది ఐవర్‌మెక్టిన్. పశువులకిచ్చే 1 శాతం సూదిమందు 50 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు. ఆ లెక్కన కిలో బరువున్న ప్రాణికి అందులో 50వ వంతు, 25 గ్రాముల తెల్లెలుకకు 2000వ వంతు! ఇంట్లో చుక్కలు లెక్కించి వేయదగిన పని కాదిది. తూచి, పలుచన చేసి వైద్యుడే ఇవ్వాలి. మందు గుడ్లను చంపదు గనుక వైద్యుడు చెప్పిన గడువుకు మళ్ళీ ఇప్పించాలి. గూటిలోని గడ్డి మార్చాలి, తోడున్న వాటికీ వైద్యం చేయించాలి.

ఎలుక జాతికి వైద్యమేమిటని నవ్వేవారున్నారు. పెంచుతామని తెచ్చుకొన్న తరువాత దాని బాధ మనది కాదనడం నాకు న్యాయంగా తోచదు. ఆ బాలుడి గినీ పిగ్‌కు రెండవ మోతాదు కూడా అయింది. వీపు మీద నూగు మొలుస్తున్నది.

మీ ప్రాంతాలలో ఈ చర్మపు పురుగును వేరే పేరుతో పిలుస్తుంటే దయచేసి తెలియజేయండి. ఆ పేరును వాడికి నేర్పాలి.