మనుమరాలి ప్రశ్న

మట్టలాదివారమునాడు ఆరాధన ముగిసిన పిమ్మట, ఈతమట్టలు చేతబట్టుకొని బెజవాడలో బందరు రోడ్డు వెంబడి ఇంటికి నడచుచుండగా, ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలు నన్నొక ప్రశ్న అడిగినది: "తాతయ్యా, అసలు మనం క్రైస్తవులం ఎందుకయ్యాం?" నలువది యేండ్లుగా కూటములలో సాక్ష్యము చెప్పుచున్న నాకు కృప, రక్షణ, పాపక్షమాపణ అను మాటలు అలవాటుగా నాలుక చివరకు వచ్చినవి గాని, ఆ పిల్ల "మనం" అన్నప్పుడు సర్వమానవాళిని ఉద్దేశింపలేదనియు, మా యింటివారిని, మా పేటను, తానెన్నడు చూడని మా తాతను ఉద్దేశించినదనియు గ్రహించి ఊరకుంటిని.

యౌవనస్థులు మందిరమునకు దూరమగుచున్నారన్న పెద్దల మొర ఈ కృష్ణా డెల్టాలో ఏ సంఘమునకు వెళ్లినను వినవచ్చును. దానికి మందుగా వేసవి సెలవులలో వి.బి.యస్. (సెలవుల బైబిలు బడి) తరగతులు, యూత్ కూటములు, డ్రమ్సు, కీబోర్డులు ఏర్పాటు చేయుచున్నారు. నేను వానిని నిందింపను. అయితే పిల్లలకు బోధ తక్కువైనదని మాత్రము నమ్మను. తెల్లవారగనే ఫోనులో వాగ్దానవాక్యము, రాత్రి పండుకొనబోవునపుడు యూట్యూబులో ప్రసంగము: ఇంతటి బోధ మా బాల్యమున లేదు. ఇప్పుడు కఱవైనది ఇంటిలోని మాట. పిల్లలడుగగా పెద్దలు జవాబు చెప్పుట, తెలియనిచోట తడబడుట, ఆ తడబాటును పిల్లలు కన్నులార చూచుట అనునవి ఇపుడు అరుదైనవి.

గుడివాడ ప్రాంతపు పల్లెలో మా నాయనమ్మకు అక్షరము రాదు. ఐనను ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో సగము ఆమెకు కంఠస్థము. పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌదరిగారు కట్టిన పాటలను రాగతాళములు తప్పక, నాటువేయుచు, వడ్లు దంచుచు, లాంతరు వత్తి తగ్గించి మమ్ము నిద్రపుచ్చుచు పాడెడిది. విత్తువాని ఉపమానము చెప్పునపుడు, ఆకుమడి పోయక దారిమీదను ముండ్లలోను విత్తనములు చల్లిన ఆ రైతుకు సేద్యమే రాదని నవ్వి, "అయినా పండింది చూడు, అదే దేవుడి దయ" అని ముగించెడిది. ఆ వ్యాఖ్యానమునకు సాటివచ్చు ప్రసంగమును నేను నేటికిని వినలేదు. కాని ఆమె చెప్పనిది ఒకటి కలదు. ఊరి నూతిలో చేదవేయుటకు మావారికి హక్కు లేని దినములలో, మా తాత పాస్టరుగారి యింటి గడప తొక్కినప్పుడు, ఆ అయ్యగారు ఆయనను చాపమీద కూర్చుండబెట్టి తన యింటి చెంబుతో నీళ్లిచ్చిరట. ఈ మాట నాకు నాయనమ్మ పోయిన పదేండ్లకు, ఒక పెండ్లిపందిటిలో, మా పెదనాన్న నోట తెలిసినది. సిగ్గుచేతనో, ఆ పాతగాయమును పిల్లలకు అంటింపరాదను ప్రేమచేతనో ఆమె దానిని దాచుకొనెను.

ఇట్టి దాపరికము మా యింటికే పరిమితము కాదు. రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను మిషనరీ దొరలు 1841లో బందరు చేరిరి; 1843లో నోబుల్ దొర అచట అగ్రవర్ణపు బాలురకై బడి పెట్టెను. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందగా తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించుకొనిరి, బడి ఇంచుమించు ఖాళీయైనది. గ్రంథములలో విరివిగా కనబడునది ఈ కథయే. కాని డెల్టా సంఘములలో అత్యధికసంఖ్యాకుల పూర్వులు ఆ బడి మెట్లెక్కినవారు కారు. రాఘవాపురపు మాలవాడనుండి బెజవాడకు వచ్చి, మిషనరీయైన డార్లింగు దొరను కలిసికొని, 1859లో బాప్తిస్మము పొంది, తన వారికి తానే సువార్తికుడైన పగోలు వెంకయ్యవంటివారి వెంట నడచినవారే మా తాతలు. తన పేట తన కన్నులముందు మారుట చూచిన ఆ తరమునకు విశ్వాసమును వేఱుగా "నేర్పవలసిన" అవసరము లేకపోయెను. ఆ మార్పు దేనినుండి దేనికో మనుమలకు చెప్పకపోయిన యెడల, వారికి మిగులునది ఆదివారపు హాజరుపట్టీ మాత్రమే.

ఇంకొక మౌనము కలదు. అది కాగితముల మౌనము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును ద్వారము తెఱచిరి గాని క్రైస్తవునకు తెఱవలేదు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారు మన రాష్ట్రమున వెనుకబడిన తరగతుల "సి" వర్గమున, నూటికి ఒక్క స్థానపు వాటాలో నిలిచియున్నారు. అందుచేత ఎన్ని యిండ్లలోనో కులధ్రువపత్రమునందు ఒక మతము, భోజనమునకు ముందు ప్రార్థనలో వేఱొక మతము. మా యింటిలోను అట్లే జరిగెను. అబద్ధమాడరాదని పదియాజ్ఞలు కంఠస్థము చేయించిన మా నాయనగారే ఆ కాగితము అందుకొని, నా ముఖము చూడలేక కిటికీ వంక తిరిగిరి. చదువుకు ఆధారమైన ఆ పత్రమును వదలుకొమ్మని ఏ పేదతండ్రికిని చెప్పు సాహసము నాకు లేదు. మనిషి ఎవరిని ప్రార్థించునో చూచి ఆతని అస్పృశ్యతను తూచెడి చట్టమే నా దృష్టిలో దోషి. కాని ఆ సంగతిని పిల్లలయొద్ద దాచిపెట్టి, పైగా వారికి విశ్వాసమున నిలుకడ లేదని నిందించుట న్యాయము కాదు.

చెప్పిన పిదప పిల్లలు మన దారినే వత్తురని హామీ లేదు. జాషువా మహాకవి క్రీస్తు చరిత్రమును కావ్యముగా వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందెను; ఆయన కుమార్తె హేమలత, పటమటలో నాస్తిక కేంద్రము నడపిన గోరాగారి యింట కోడలై, స్టూవర్టుపురములోను జోగినుల మధ్యను సేవచేసెను. తండ్రినిగూర్చి ఆమె వ్రాసిన పుస్తకమునకు "మా నాన్నగారు" అని పేరు పెట్టెను. పొరుగువాని ప్రేమింపుమన్న ఆజ్ఞను ఆ తండ్రి పద్యమునను, ఈ కూతురు స్టూవర్టుపురపు గుడిసెలలోను వ్రాసిరని నేననుకొందును. సంఘపెద్దలు కొందఱు దీనికి ఒప్పుకొనరని యెఱుగుదును.

మఱియొక చిన్న చిక్కు భాషలో నున్నది. మా పరిశుద్ధ గ్రంథము "చేయుడి", "పోవుడి" అని పలుకును. ఇంగ్లీషు బడిలో చదివిన పిల్లలు కీర్తనలను ఇంగ్లీషు అక్షరములలో తెరమీద చూచి పాడుదురు. "వందనాలండి" అను చక్కని పలకరింపు పోయి "ప్రైజ్ ది లార్డ్" వచ్చినది. ఈ కాలమున గ్రాంథికములో వ్యాసము వ్రాయు ముసలివానికి ఈ ఫిర్యాదు చేయు అర్హత ఎంతవఱకున్నదో చదువరులే నిర్ణయింతురు గాక.

ఆనాడు బెంజి సర్కిలు చేరువఱకు మా మనుమరాలికి నూతి సంగతి, చెంబు సంగతి, కాగితము సంగతి ఉన్నవున్నట్లు చెప్పితిని. పాపము, రక్షణ అను మాటలు ఒక్కటియు నా నోట రాలేదు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆ పిల్ల చేతిలోని మట్టను రెండుగా చీల్చి, సిలువగా మడచుచు, "ఆ నుయ్యి ఇంకా ఉందా?" అని అడిగినది. పూడ్చివేసిరేమో యంటిని. "పోనీ, చోటైనా చూద్దాం" అన్నది. ఈస్టరు మఱునాడు గుడివాడ బస్సు ఎక్కుటకు నిశ్చయించితిమి.