ఆల్బంలో లేని మారతహళ్ళి

వేసవి సెలవులకు బెంగళూరు చూసొచ్చిన తెలుగు కుటుంబాల పాత ఆల్బంలలో చాలావరకు అవే చోట్లు కనిపిస్తాయి. విధానసౌధ ముందు వరసగా నిలబడ్డ పిల్లలు, లాల్‌బాగ్ గాజుమేడ దగ్గర కొత్త చీరలో అమ్మ, కబ్బన్ పార్కు గడ్డిలో కూర్చున్న బాబాయిలు. కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉందామని బెంగళూరులోని మారతహళ్ళికి వచ్చిన పెద్దవాళ్ళు ఇప్పుడు ఆ ఫొటోలను వాట్సాప్‌లో కుటుంబం గ్రూపులో పెడుతున్నారు. అత్తయ్య అప్పుడెంత సన్నగా ఉండేదో, తాతయ్యకు ఎంత జుట్టుండేదో అని అందరూ మురిసిపోతారు. మురిసిపోవాల్సిందే. అయితే ఆ ఫొటోల్లో మనవాళ్ళ వెనక ఒక నగరం కూడా నిలబడి ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

గాజుమేడ 1889 నాటిది. విధానసౌధ 1956లో పూర్తయింది. రెండూ ఇవాళ వెళ్ళినా కనిపిస్తాయి. మారిపోయింది వాటి చుట్టూ ఉన్న ఊరు. ఎం.జి. రోడ్డు వెంట చెట్ల నీడలో ఉండే పాత నడకదారి మెట్రో పనుల్లో పోయింది. 2011 అక్టోబరు 20న అక్కడ రైలు మొదలైంది. 2008 మే దాకా బెంగళూరు ప్రయాణికుల విమానాలు దిగింది మారతహళ్ళి పక్కనే ఉన్న హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో. దూరదేశం వెళ్ళే బిడ్డను సాగనంపుతూ అక్కడ తీసుకున్న ఫొటో ఏ ఇంట్లోనైనా ఉంటే, అది ఆ ఇంటి జ్ఞాపకమే కాదు, ఊరి చరిత్ర కూడా.

మరి మారతహళ్ళి ఫొటోలేవి? లేవనే చెప్పాలి. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలుకు పడేవి 12 బొమ్మలే. ప్రతి బొమ్మకూ లెక్క చూసుకునే రోజుల్లో దారిలో తగిలే పల్లెను ఎవరు తీస్తారు? వైట్‌ఫీల్డ్‌లోని బృందావనానికి సత్యసాయి దర్శనం కోసం వెళ్ళిన తెలుగువాళ్ళలో కొందరు ఈ దారినే పోయి ఉంటారు. కెమెరా సంచిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఊరు పెరుగుతూ పోయింది. 1981లో సుమారు 29 లక్షలున్న బెంగళూరు జనాభా 2011కి 85 లక్షలకు చేరింది. 2007లో మహానగర పాలికె ఏర్పడి చుట్టుపక్కల పురపాలికలనూ 110 గ్రామాలనూ కలుపుకుంది. సెలవులకు వచ్చినవాళ్ళ పిల్లలు ఉద్యోగాలకు వచ్చి, ఒకప్పుడు ఎవరూ ఫొటో తీయని ఈ చోటే కాపురాలు పెట్టారు. అంటే ఎక్కువగా మారిన చోటుకే తక్కువ ఆనవాళ్ళు మిగిలాయి.

అందుకే ఆల్బంలోకి ఎక్కని ఫొటోల కోసం వెతకమంటాను. తల సగం తెగినది, బస్సు కిటికీలోంచి కదిలిపోయినది, మనిషి కంటే వెనక హోటలు బోర్డే స్పష్టంగా పడినది. మనం పనికిరాదని పక్కన పెట్టినవాటిలోనే ఆనాటి వీధి ఉంటుంది. ఫొటోతో పాటు దాని కథ కూడా రాయాలి. అనూషా యాదవ్ 2010లో ప్రారంభించిన ‘ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్’ ఇలాగే ఇంటి ఫొటోలనూ వాటి వెనక కథలనూ కలిపి భద్రపరుస్తోంది. ఒక కుటుంబం తనకు తానుగా ఆ పని చేసుకోవడానికి ఏ సంస్థా అక్కర్లేదు.

ఆలస్యం మాత్రం చేయొద్దు. ఆనాటి కలర్ ప్రింట్లు చాలా ఇళ్ళలో ఎర్రబారిపోతున్నాయి. జిగురు పేజీల ఆల్బంలు ఫొటోలను పాడుచేస్తాయి. ఫొటో వెనక పెన్సిలుతో మెల్లగా ఏడాది, చోటు, పేర్లు రాయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఇక్కడ మారతహళ్ళిలో అద్దెగదుల్లో, పీజీల్లో ఉంటున్న కుర్రకారుకు ఇంకో మాట. రింగురోడ్డు మీద సిల్క్‌బోర్డు నుంచి కె.ఆర్. పురం దాకా మెట్రో వస్తోంది. దాంతో మారతహళ్ళి మళ్ళీ మారుతుంది. మీరు రోజూ తినే ఆంధ్రా మెస్సునూ, బ్రిడ్జి కింద బస్సుల రద్దీనీ, శుక్రవారం రాత్రి ఊరి బస్సు కోసం ఎదురుచూసే చోటునూ ఇప్పుడే ఫొటో తీసుకోండి. పెద్దవాళ్ళు గ్రూపులో పాత ఫొటో పెట్టినప్పుడు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకండి. ఫోన్ చేసి, “నాన్నా, మీ వెనక కనిపించే ఆ కొట్టు ఎక్కడిది? ఆ రోజు అక్కడికి ఎలా వెళ్ళారు?” అని అడగండి. అడిగేవాళ్ళు లేకే ఎన్నో ఇళ్ళలో ఊళ్ళ జ్ఞాపకాలు ఆగిపోయాయి. మీ ఇంట్లో అలా కానివ్వకండి.