కచేరీ దిగులు ఎవరి దోషము?

రాత్రి పదిగంటలకు కంచము ముందు కూర్చుండిన కుమారుని ఫోను మ్రోగును. పైయధికారి యేదో అడిగియుండును. ముద్ద కంచములోనే నిలిచిపోవును. కొంతకాలమునకు గుండెదడ, నిద్రలేమి, తెల్లవారుననిన భయము వెంటవచ్చును. అప్పుడు పెద్దలు “వీనికి మనోధైర్యము చాలదు” అందురు. కచేరీవారు ధ్యానముపై ఒక గంట యుపన్యాసము పెట్టింతురు. ఈ రెండును దోషమును దోషి కానివానిపై మోపుటయే యని మేము చెప్పుచున్నాము.

ఆందోళనకు మనుష్యుని స్వభావము కొంత కారణమగుట మే మెఱుగుదుము. కాని పనియొక్క యేర్పాటు అంతకు తక్కువ కారణము కాదు. పనిభారము మిక్కుటమై, దానిని చేయు తీరును నిర్ణయించుకొను స్వాతంత్ర్యము స్వల్పమైనచోట మనస్సు మిక్కిలి నలుగునని 1979లో రాబర్ట్ కరసెక్ అను పండితుడు చూపెను. 1985లో లండను నగరమునందు పదివేలకు పైగా ప్రభుత్వోద్యోగులపై ఆరంభింపబడిన రెండవ వైట్‌హాల్ పరిశోధనమునందు, పనిపై అధికారము తక్కువగలవారికే గుండెజబ్బు ఎక్కువగా కానవచ్చెను. పైయధికారులే చింతాక్రాంతులని లోకము తలచుచుండగా, క్రిందిమెట్టు గుమాస్తాకే యపాయ మెక్కువయని తేలినది. విషాదము, ఆందోళనల వలన ఏటేట లోకము 1200 కోట్ల పనిదినములను కోల్పోవుచున్నదని ప్రపంచారోగ్యసంస్థ 2022లో ప్రకటించెను. ఇన్ని కోట్ల దినములు ఒక్కొక్కరి పిఱికితనమువలననే పోయినవని యెవరు నమ్ముదురు?

మన తాతలు ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకు వఱకు పొలములో కష్టపడలేదా యని కొందఱాక్షేపింతురు. కష్టపడిరి; వానకై, అప్పునకై దిగులును పడిరి. కాని చీకటిపడిన పిమ్మట నాగలి వారిని పిలువలేదు. పని ముగిసిన పిదప సందేశములకు బదులీయకుండు హక్కు ఫ్రాన్సుదేశమున 2017 నుండి చట్టమునందున్నది. ఆ దేశమున కచేరీలు మూతపడలేదు.

ఇంతమాత్రమున గృహస్థులు నిర్దోషులని మేమనము. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్సు తెఱవబడినది మొదలు ఈ కొలువులు మన యిండ్లకు ధనము తెచ్చినవి. కాని పెండ్లిచూపులలో జీతమెంతయని యడిగిన మనము, నిద్ర యెన్నిగంటలని యెన్నడైన నడిగితిమా? ఇరువదియేండ్ల యింటియప్పును మెడకు కట్టి, “ఉద్యోగము విడువకు” మనువారమును మనమే. ఉద్యోగము పోవునను భయమునకు ఆ యప్పు తోడైనపుడు కాదనుటకు అతనికి నోరెక్కడిది? కోడలు ఉద్యోగినియైనచో, వంటయిల్లను రెండవ కచేరిని ఆమెకై తెఱచియే యుంచుచున్నాము.

కాబట్టి కచేరీలవారు ధ్యానోపన్యాసములకు ముందు పనిని లెక్కించి పంచవలెను. ఆజ్ఞలు స్పష్టముగ నీయవలెను. పనిచేయువాని మాటకు పనిలో చోటీయవలెను. వేళ ముగియగానే వదలిపెట్టవలెను. గృహస్థులు దిగులుపడినవానిని పిఱికియనక వైద్యునికడకు గొనిపోవలెను. కేంద్రప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసిన నుచితముగ లభించును. జ్వరమునకు సిగ్గుపడని మనము దీనికేల సిగ్గుపడవలెను? ఒకటవ తేదీని జీతమును లెక్కించుకొను ఇల్లు, దానిని తెచ్చువారు ఏ స్థితిలో ఇల్లు చేరుచున్నారో ప్రతిరాత్రియు చూచుట న్యాయము.