గేరుపెట్టెను విప్పుటకు ముందు



బురదలోను, ఇసుకలోను, వాగులలోను నడువగల జీపు జాతి బండ్లు నేడు మన పల్లెలకును వచ్చినవి. 2020వ సంవత్సరమున క్రొత్త రూపున వెలువడిన మహీంద్రా థార్ బండి, తానే గేరు మార్చుకొను పెట్టెతోగూడ అమ్మకమునకు వచ్చినది. అట్టి పెట్టె సుఖకరమే. కాని అది మొరాయించినప్పుడు యజమానికి దిక్కు తోచదు. “పెట్టె విప్పవలయు”నని మిస్త్రీ యనగానే తలయూపును. పంటసొమ్ము దానికి సమర్పణ మగును. పరీక్ష జరుగక పెట్టెను విప్పనీయరాదని నా యభిప్రాయము.

మొదట చూడవలసినది నూనె. ఇంజను బలమును గేర్లకు చేర్చునదియు, క్లచ్చిపలకలను అదిమిపట్టునదియు, వేడిని కొనిపోవునదియు నూనెయే. అది తగ్గినచో బండి ఆలస్యముగ కదలును, గేరు జారును. నల్లబడి మాడువాసన కొట్టినచో పలకలు అరిగినవని శంకింపవలెను. పాలు కలిపినట్లున్నచో నీరు చేరినదన్నమాట. వాగు దాటునప్పుడో, రేడియేటరులోని నూనెగొట్టము చిల్లిపడియో అది చేరియుండును. అట్టి బండిని అడుగైనను నడుపరాదు.

రెండవది విద్యుత్తు. 1987 మొదలు 2001 వరకు అమెరికాలో జీపు చెరోకీ బండ్లకు అమర్చిన ఏ.డబ్ల్యు.4 అను నాలుగు గేర్ల పెట్టె ఇందుకు మంచి నిదర్శనము. దానిని నడిపించు విద్యుత్ సాధనపు ఫ్యూజును తీసివేసినను, గేరుకడ్డీని 1-2 స్థానమున నుంచిన మొదటి గేరును, 3లో మూడవదియు, డి-లో నాలుగవదియు పడును. ఈ మూడును సరిగా పడినచో దోషము పెట్టెలో గాక తీగెలలోనో స్విచ్చిలోనో యున్నదని చాలవరకు తేలును. పెట్టెకు వెలుపలి ప్రక్కనుండు గేరుస్థానపు స్విచ్చిలో బురదనీరు చేరుట ఆ బండ్లకు తెలిసిన జబ్బే. ఆ చిన్న స్విచ్చిని శుభ్రపరచిన తీరు పనికి పెట్టెనంతయు విప్పించుకొనుట ఎంత నష్టము! అయితే ఈ ఫ్యూజు పరీక్ష ఆ పెట్టెకే చెల్లును. మన బండికి దానితో నిచ్చిన పుస్తకమే ప్రమాణము. నూనె రకమును, కొలుచు విధమును అందే చూడవలయును.

మూడవది మన వాడుక. దమ్ముచేసిన మడిలో దిగబడిన బండిని ఎక్కువ వేగపు గేర్లలో నుంచి ఇంజనును అరపించినచో నూనె కాగిపోవును. అచ్చట 4ఎల్ అను మందగతి గేర్లనే వాడవలెను.

మిస్త్రీకి ఇవన్నియు తెలియవా యందురేమో. మంచి మిస్త్రీకి తెలియును. పరీక్షింపుమన్న నతడు కోపింపడు.

నేటి బండ్లు తమ దోషములను అంకెలుగా గుర్తుంచుకొనును. గేరుపెట్టె అంకెలనుకూడ చదువగల పరికరము నొకదానిని సంఘము కొని యుంచినచో సభ్యులెల్లరకు ఉపకరించును. మరమ్మతు అప్పు కోరి వచ్చిన సభ్యుని సంఘమువారు “నూనె చూచితిరా? ఫ్యూజు చూచితిరా? అంకె యేమి వచ్చినది?” అని మొదట అడుగుదురు గాక. అటుపిమ్మటనే సొమ్ము మాట.