వాడనంత మాత్రాన క్రొత్తదగునా?

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థవారికి,

చిత్రసీమలో దినవేతనమునకు పనిచేయు కళాకారులును, అమీర్‌పేట శిక్షణాలయములకై వచ్చిన విద్యార్థులును ఇరుకు గదులలో కాలము గడుపు హైదరాబాదులోని మా కృష్ణానగర్‌లో ఒక సెల్‌ఫోను కొనుట సామాన్య వ్యయము కాదు. ఇటీవల మా పొరుగు యువకుడొకడు క్రొత్తదని నమ్మి ఆన్‌లైన్‌లో తెప్పించుకొనిన ఫోను పెట్టెకు సీలు చెక్కుచెదరలేదు, అద్దముపై ప్లాస్టిక్ పొర నలగలేదు. కాని క్రమసంఖ్యను పట్టి చూడగా వారంటీ ఏడు నెలల క్రిందటనే ఆరంభమైయుండెను. ఎవరో కొని, వాడక, మరల అమ్మిన సరకది. సీలు విప్పితివి గనుక తిరిగి తీసికొనజాలమని విక్రేత పలికెను. సీలు విప్పనిదే మోసమెట్లు తెలియును?

అక్కరకు రాని కానుకను ఉన్నదున్నట్లు చెప్పి అమ్ముకొనువానిని నేను తప్పుపట్టను. ఆ సంగతి దాచి పూర్తి వెల గైకొనుటయే అన్యాయము. ఏలయన లిథియం బ్యాటరీ వాడకున్నను క్షీణించును, వారంటీ తరుగును, తొలి బిల్లు పరుల పేరనుండును. పాతసరకును క్రొత్తదిగా చూపుట అనుచిత వ్యాపార పద్ధతియని 2019 వినియోగదారుల రక్షణ చట్టము సెక్షన్ 2(47) స్పష్టముగ చెప్పుచున్నది. వర్ణనకు సరిపడని వస్తువును తిరిగి తీసికొన నిరాకరింపరాదని 2020 ఈ-కామర్స్ నియమములు శాసించుచున్నవి.

కావున ధర ప్రక్కనే తొలి బిల్లు తేదీని, మిగిలిన వారంటీ గడువును చూపవలెనని ఆన్‌లైన్ అంగళ్ళను ఆదేశింపుడు. వినియోగదారుల సహాయవాణి 1915 సంఖ్యకు చేరు ఇట్టి ఫిర్యాదులను ప్రత్యేకముగ విచారింపుడు.

ఇట్లు,
కృష్ణానగర్ నివాసి